పలక మీద మంత్రాలు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు కబురు పెట్టినప్పుడు, బాగా చదువుకోండి, పైకి రండి అని నాలుగు మంచి మాటలు రాసి పంపుదామనే కూర్చున్నాను. తీరా చూస్తే ఆ మాటలు ప్రతి సంచికలోనూ ఎవరో ఒక అన్న రాస్తూనే ఉన్నాడు, నాకంటే బాగా రాస్తున్నాడు. ఇంకోవైపు పాత విద్యార్థులు కొందరు ఫోన్ చేసి, "ఏందిరా, ఆదివారం పూట హాస్టల్లో పిల్లకాయలకి మంత్రాలు నేర్పుతున్నావంట?" అని అడుగుతున్నారు. కాబట్టి ఆ సంగతే రాస్తాను. నేర్పుతున్న మాట నిజమే మిత్రులారా. అయితే ఇవి ఎవరికీ తగిలేవి కావు. పలక మీద బలపంతో రాసి, వాడగానే చేత్తో తుడిచేసే మంత్రాలు.

నేను ఈ ఆటను 2019లో హైదరాబాదులో, మా రూములో ఉండే ఒక కుర్రాడి దగ్గర చూశాను. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అచ్చువేశారు. బల్ల చుట్టూ అయిదారుగురు కూర్చుంటారు. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, "నేను గుహలోకి పోతాను", "నేను తలుపు సందులోంచి చూస్తాను" అని చెబుతారు. అయిందా కాలేదా అన్నది పాచికలు తేలుస్తాయి. గెలవడం ఓడడం అంటూ పెద్దగా ఏమీ ఉండదు. మా రూములో వాళ్లు శనివారం రాత్రి మొదలుపెడితే తెల్లారి టీ బండి వచ్చేదాకా ఆడేవాళ్లు. నాకైతే మొదటి రోజే ఇది చందమామ సీరియల్లాగా అనిపించింది. దాసరి సుబ్రహ్మణ్యం గారు 'ముగ్గురు మాంత్రికులు', 'పాతాళదుర్గం' లాంటివి నెలనెలా ఎక్కడ ఆపేవారో గుర్తుందా? మన హాస్టల్ లైబ్రరీ బీరువాలో అట్టలు ఊడిపోయిన చందమామలు కట్టలుగా ఉండేవి. సరిగ్గా మాంత్రికుడు కత్తి ఎత్తే చోట పేజీ చిరిగిపోయి ఉండేది. ఆ తరువాత ఏం జరిగిందో రాత్రిళ్లు మేమే కల్పించుకుని చెప్పుకునేవాళ్లం. మేమందరం అప్పటికే ఈ ఆట ఆడుతున్నామన్న మాట, పాచికలు లేవు అంతే!

2020లో ఇంటి నుంచే పని చేసుకోమన్నాక నేను మార్కాపురం వచ్చేశాను. హాస్టల్ మళ్లీ పిల్లలతో నిండాక, 2022 నుంచి వీలైన ఆదివారమల్లా డైనింగ్ హాల్లో ఈ ఆట ఆడిస్తున్నాను. ఎనిమిది నుంచి పది దాకా చదివే పిల్లలు. అసలు ఆటకు నాలుగు మూలల నుంచి ఇరవై ముఖాల దాకా రకరకాల పాచికలు కావాలి, లావు పుస్తకాలు కావాలి. మన దగ్గర అవి లేవు. నాలుగు చింతపిక్కలు ఒకవైపు తెల్లగా వచ్చేదాకా గచ్చు మీద అరగదీశాం. అష్టాచెమ్మా ఆడే ప్రతి ఇంట్లో ఉన్న పాచికలే. పుస్తకం బదులు పలక.

ఈ పలక సంగతి కొంచెం చెప్పాలి. ఆ ఆట పాత నియమాల్లో మాంత్రికుడు పొద్దున్నే తన పుస్తకం చూసి కొన్ని మంత్రాలు తలకెక్కించుకునేవాడు. ఒకసారి ప్రయోగించగానే ఆ మంత్రం మనసులోంచి చెరిగిపోయేది. మళ్లీ నిద్రపోయి లేచి చదువుకుంటే గానీ వచ్చేది కాదు. జాక్ వాన్స్ అనే రచయిత 1950లో రాసిన ఒక కథల పుస్తకం నుంచి గైగాక్స్ ఈ పద్ధతి తీసుకున్నాడు. ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు ఎక్కలేదు. "నేర్చుకున్న ఎక్కం మర్చిపోతాంగానీ, చెప్పంగానే ఎట్టా మర్చిపోతాం అన్నా?" అన్నారు. అప్పుడు ఒక ఎనిమిదో తరగతి పిల్లాడు పలక తెచ్చి, "దీని మీద రాసుకుందాం. వాడినాక తుడిచేద్దాం" అన్నాడు. పలకకు రెండు పక్కలు కాబట్టి కొత్త మాంత్రికుడికి రోజుకు రెండు మంత్రాలు. పెద్ద మాంత్రికుడికి రెండు పలకలు. ఒకప్పుడు మన మార్కాపురం పలకలు దేశమంతా వెళ్లేవి, పరదేశాలకూ వెళ్లేవి. ఇప్పుడు అదే రాయి ఇళ్ల గోడలకూ నేలకూ అందం కోసం పోతోంది. మన పిల్లల్లో నాన్నో మామో పలకల గనిలో పని చేసినవాళ్లు ఎంతమందో మీకే తెలుసు. ఆ రాయి మాంత్రికుడి పుస్తకం అయినందుకు నాకు లోపల ఎక్కడో సంతోషంగా ఉంటుంది.

ఇక మంత్రం తయారుచేయడం. అసలు ఆటలో వందలకొద్దీ మంత్రాలు సిద్ధంగా ఉన్నాయి. వాటి నియమాలను 2023 జనవరిలో ఎవరైనా వాడుకోవచ్చని, పేరు చెబితే చాలని కంపెనీవాళ్లు విడుదల చేశారు. కాబట్టి తెలుగులో రాసుకోవడానికి అడ్డేమీ లేదు. కానీ పిల్లలకు ఆ మంత్రాలు పరాయిగా ఉన్నాయి. ఒక్క అగ్నిగోళం మాత్రం అందరికీ నచ్చింది. దానికి కావలసిన సరుకులు గబ్బిలాల రెట్ట, గంధకం. గబ్బిలాల రెట్టలో సురేకారం ఉంటుంది, గంధకంతో కలిస్తే తుపాకి మందుకు ముక్కాలు భాగం దగ్గరకు వచ్చినట్టే. మెరుపు మంత్రానికి బొచ్చు ముక్క, గాజు కడ్డీ. "ఇది మన ఫిజికల్ సైన్స్ ల్యాబులో ఉండాది గదన్నా!" అని పదో తరగతి వాళ్లు కేకలు పెట్టారు. స్థిర విద్యుత్తు పాఠమే. అలా ఎగతాళిగా రాశారు ఆ సరుకులన్నీ.

సొంత మంత్రం రాయడం మొదలుపెడితే ప్రతి పిల్లాడూ మొదట రాసేది ఒకటే, అందరినీ చంపేసేది. చావకుండా ఉండేది రెండోది. నేను వద్దనను. "సరే, కథ మొదలుపెడదాం" అంటాను. మాంత్రికుడు మంత్రం చదువుతాడు, అందరూ చస్తారు, అక్కడితో కథ అయిపోతుంది. ఇంకా మధ్యాహ్నం మూడు కూడా కాదు, బయట ఎండ! అప్పుడు వాళ్లే అడుగుతారు, "దీనికి అడ్డేం పెడదాం?" అని. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' చూడండి. ఆ బొమ్మ అడిగిందల్లా చేస్తుంది, హద్దు లేదు. అందుకే సినిమా సగం దూరం వెళ్లాక కథ అంతా బొమ్మ ఎవరి చేతిలో ఉంది అన్న ఒక్కదాని మీదే నడుస్తుంది. ఎస్వీ రంగారావు గారి మాంత్రికుడు ఉండబట్టి నిలబడింది గానీ, ఇంకొకరైతే కష్టం అని నా అభిప్రాయం.

మేము నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాం. ఎంత దూరం? ఎంతసేపు? ఏం ఖర్చు? తప్పితే ఏమవుతుంది? తరువాత పిక్కల లెక్క. నాలుగు పిక్కలు వేస్తే పడే తీర్లు 16. ఒక్కటి తెల్లగా పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చెమ్మ ఒకటి, అష్ట ఒకటి. పదో తరగతి పిల్లాడు ఒకడు ఇవన్నీ పలక మీద వరసగా రాసి చూపించాడు. సులువు మంత్రానికి రెండు గానీ ఆపైన గానీ పడాలి, అంటే 16లో 12. కష్టమైనదానికి మూడు గానీ ఆపైన గానీ, 16లో 6. మహామంత్రానికి చెమ్మో అష్టో పడాల్సిందే, 16లో 2. పిక్క పిక్కకూ తేడా ఉంటుందని, ఎవరి పిక్కలు వాళ్లు తెచ్చుకోవడం మాత్రం ఒప్పుకోలేదు.

మొదటి మంచి మంత్రం అన్నం మంత్రం. తర్లుపాడు వైపు నుంచి వచ్చిన పిల్లాడు రాశాడు. గిన్నె ఎంత వడ్డించినా తరగకూడదు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. ఆకలి లేకపోతే అడవిలో దారి తప్పినా భయం ఉండదు, ఇంక నల్లమలలో కథ ఏం నడుస్తుంది? అసలు ఆటలోనూ ఇలాంటిది ఉందని చెప్పాను. పదిహేను మందికి ఒక రోజుకు సరిపడా తిండి పుడుతుంది, కడుపు నిండుతుంది గానీ రుచీపచీ ఉండదు అని రాసి ఉంటుంది. "రుచీపచీ ఉండదా? అయితే వాళ్లు కూడా హాస్టల్లోనే చదివినారు!" అన్నాడొకడు. వంట మాస్టరుతో సహా అందరం నవ్వాం. ఆ పిల్లాడు మాత్రం నవ్వకుండా పలక తుడిచి మళ్లీ రాశాడు. గిన్నె తరగదు, కానీ మంత్రం వేసినవాడు ఆ పూట అందులోంచి తినకూడదు. ఇంత చిన్నవాడికి ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. "మాయమ్మ అట్టనే గదన్నా" అని, పిక్కలు తీసుకుని పక్కవాడికి ఇచ్చాడు.

నీళ్ల మంత్రం దగ్గర రెండు ఆదివారాలు పోయాయి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఉన్నారు మనకు. అసలు ఆటలో ఆహారాన్ని, నీటిని శుద్ధిచేసే చిన్న మంత్రం ఒకటి ఉంది. విషాన్నీ రోగాన్నీ తీసేస్తుంది. ఒకడు లేచి "ఫ్లోరైడ్ విషం అవుతుందా, కాదా?" అని అడిగాడు. అమెరికాలో పుస్తకం రాసినవాళ్లకు ఈ ప్రశ్న వచ్చి ఉండదు. విషమే అని సగం మంది. కాదని సగం మంది. ఒక గ్లాసు తాగితే ఏమీ కాదు, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితేనే పళ్లు గారపట్టేదీ, కీళ్లు బిగుసుకునేదీ. అలాంటప్పుడు కథలో ఒక రోజు మంత్రం వేసి ఏం లాభం? చివరికి ఆ మంత్రాన్ని రోజూ వెయ్యాలని, ఒక్కరోజు మానినా లెక్క మొదటికి వస్తుందని రాశారు. సరుకులు ఏం పెడదామన్నప్పుడు నేను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ అని చెప్పాను. మాయా లేదు మంత్రం లేదు, నాగపూర్‌లోని నీరీ సంస్థవాళ్లు 1970లలో కనిపెట్టిన నల్గొండ పద్ధతి అది. సుద్దముక్కతో ఒకడు దాన్ని గోడ మీద కూడా రాశాడు. తరువాతి ఆదివారం దాకా ఎవరూ చెరపలేదు.

ఇప్పుడు పాము మంత్రం. నిజానికి ఇది రాయడానికే కాగితం తీసుకున్నాను.

గిద్దలూరు అవతల అడవి అంచు పల్లె నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లాడు, వాళ్ల ఊళ్లో ఒక పెద్దాయన పాము మంత్రం వేస్తాడని, దాన్నే ఆటలో పెడతానని అన్నాడు. అసలు మాటలు తనకు తెలియవు, తెలిసినా చెప్పకూడదట. సరే, మాటలు వద్దు, నియమాలు రాయమన్నాను. దూరం: చేత్తో తాకేంత. ఖర్చు: వేపమండ, కొబ్బరికాయ. పిక్కలు: రెండు పడితే చాలు. "ఎందుకంత సులువు?" అన్నాను. "మా ఊళ్లో పదిమందిని తీసుకపోతే ఏడెనిమిది మంది లేచి నడిచి వస్తారన్నా. నేను చూసినా" అన్నాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు. మీరు కూడా మీ ఊళ్లో చూసే ఉంటారు.

ఆటలో మేము పెట్టుకున్న నాలుగో ప్రశ్న మీకు గుర్తుందిగా, తప్పితే ఏమవుతుంది? ఎవరి మంత్రాన్నైనా పలక మీద ఎక్కించే ముందు, ఆ మంత్రమే లేకపోతే పిక్కలు ఏం చెబుతాయో కూడా రాయాలి. లేకపోతే మంత్రం బలం ఎంతో తెలియదు. ఈ నియమం నేను పాము కోసం పెట్టింది కాదు, కత్తి దెబ్బల కోసం పెట్టింది. ఆ పిల్లాణ్ణి అదే అడిగాను. "మంత్రం వెయ్యకపోతే పదిమందిలో ఎంతమంది లేస్తారు?"

ఎవరూ మాట్లాడలేదు. తరువాత పదో తరగతి వాడొకడు, కరిచిన పాములన్నీ విషప్పాములు కావు గదా అన్నాడు. నిజం. మన చేలల్లో తిరిగే పాముల్లో ఎక్కువ వాటికి విషం లేదు. ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఇవి కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించవు. అంటే కొబ్బరికాయ కొట్టినా కొట్టకపోయినా పదిలో చాలామంది లేచి నడిచి వచ్చేవాళ్లే. ఆ పిల్లాడు చాలాసేపు పలక వంకే చూశాడు. "అయితే మిగతా ఇద్దరు ముగ్గురు?" అన్నాడు. వాళ్లు విషం ఎక్కినవాళ్లు. వాళ్లకు కావలసింది పాము విషానికి విరుగుడు మందు, అది ఆసుపత్రిలోనే దొరుకుతుంది. మంత్రం దగ్గర గడిచిన ప్రతి గంటా వాళ్ల లెక్కలోంచే పోతుంది.

వాడు మెల్లగా చెప్పాడు. వాళ్ల మేనమామ రెండేళ్ల కిందట రాత్రి నేల మీద పడుకుని ఉండగా ఏదో కుట్టిందన్నాడు. వాపు లేదు, నొప్పి లేదు, తెల్లవారుజామున కడుపు నొప్పి అన్నాడు. తీసుకుపోయింది పెద్దాయన దగ్గరికే. పొద్దెక్కేసరికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. ఆసుపత్రికి బయలుదేరారు గానీ దారిలోనే అయిపోయింది. అది కట్లపాము తీరు. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, గాటు కూడా కనపడదు. మన హాస్టల్లో చాప పరుచుకుని పడుకున్న వాళ్లందరం ఈ మాట గుర్తుపెట్టుకోవలసిందే. దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని, అంటే ఏటా సగటున 58 వేల మంది అని 2020లో పరిశోధకులు లెక్క తేల్చారు. చాలామంది పల్లెటూరి వాళ్లు. అంటే మనవాళ్లు.

ఆ పెద్దాయనను నేను తిట్టలేదు, పిల్లాణ్ణి తిట్టనివ్వలేదు. ఆయన డబ్బు తీసుకోడట, అర్ధరాత్రి లేపినా లేస్తాడట. ఆయన ఎప్పుడూ లేచినవాళ్లనే లెక్కపెట్టాడు, ఊరంతా అలాగే లెక్కపెట్టింది.

గైగాక్స్ 1978లో అచ్చువేసిన పుస్తకంలో విషాన్ని నెమ్మదింపజేసే మంత్రం అని ఒకటి ఉంది. విషాన్ని తీసెయ్యదు. కాస్త వ్యవధి ఇస్తుంది, అంతే. ఆ మాట చెప్పగానే ఆ పిల్లాడు తన పలక పూర్తిగా తుడిచాడు. కొత్త మంత్రం పేరు 'నూట ఎనిమిది'. కొందరు 108 సార్లు జపం అనుకున్నారు. కాదట, 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన అంబులెన్స్ నంబరట! నియమాలు చూడండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టాలి. గట్టిగా తాడు బిగించినా, కోసినా, నోటితో పీల్చినా మంత్రం చెడిపోతుంది. రోగిని నడిపించకూడదు. ఇవన్నీ చేస్తే వైద్యుడి దగ్గరికి చేరేదాకా ప్రతి జాముకూ ఒకసారి పిక్కలు వేసే అవకాశం దొరుకుతుంది. రోగి బతకడం ఆ మంత్రంలో లేదు, వైద్యుడి దగ్గరే ఉంది. "మరి వేపమండ?" అని ఒకడు అడిగితే, "పెట్టుకుంటే పెట్టుకో. దారిలో పట్టుకుందువు. ఆగకూడదు అంతే" అన్నాడు. వాళ్ల పెద్దాయనకు ఈ మాట ఇలాగే చెబుతానని సెలవులకు వెళ్లాడు. చెప్పాడట. ఆయన విని, "నన్ను కూడా అదే బండిలో ఎక్కించుకోండి, దారిపొడుగునా చదువుతా" అన్నాడట. నాకు ఇంతకంటే మంచి నియమం తట్టలేదు.

ఇంకొక సంగతి. ఒక పిల్లాడి తల్లి పలకల మీద రాతలు చూసి, హాస్టల్లో చేతబడులు నేర్పుతున్నారని భయపడి వచ్చింది. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన తెలుగు పేపర్లలో ఎన్ని చదివాం! దెబ్బలు తినేది ఎప్పుడూ ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మో, దిక్కులేనివాడో. ఆమె ముందే పిల్లలు తమ నియమం చదివి వినిపించారు. వెంట్రుక, గోరు, ఫొటో, పేరు, వీటితో ఎవరి మీదా మంత్రం వెయ్యకూడదు. ఎదురుగా నిలబడి, అందరూ చూస్తుండగా వెయ్యాలి. ఈ నియమం నేను చెప్పింది కాదు. ఆమె అంతా విని, అన్నం మంత్రం మళ్లీ ఒకసారి చదవమంది.

చివరిగా డప్పు మంత్రం. ఇది ఇంకా తేలలేదు. చందమామ కథల్లో రాజకుమారుడు, మంత్రికొడుకు ఉంటారు గానీ డప్పు కొట్టేవాడి కొడుకు సాహసానికి బయలుదేరడు. మనలో చాలామంది ఇళ్లలో డప్పు గోడకు వేలాడుతూ ఉంటుంది. మంట మీద కాచి బిగించిన చర్మం వాసన మనకు తెలుసు. అందుకని ఒక పిల్లాడి పాత్ర డప్పుతో బయలుదేరింది. మంత్రం దూరం ఎంత అంటే, డప్పు వినపడినంత మేర. ఆ మేరలో ఉన్న తనవాళ్లకు భయం పోతుంది, దెయ్యమైనా పులైనా నిలబడతారు. అడుగుల లెక్క లేదు. గాలి ఎటుంటే అటు ఎక్కువ. వాన పడితే చర్మం మెత్తబడి మంత్రం సగమే పని చేస్తుంది, మళ్లీ మంట వేసి కాచుకోవాలి. ఖర్చు కూడా అందులోనే ఉంది. మనవాళ్లకు వినపడేది శత్రువులకూ వినపడుతుంది, నువ్వెక్కడున్నావో దాచుకోలేవు. ఇంత చక్కగా కుదిరిన మంత్రం ఆ లావు పుస్తకంలో కూడా నాకు కనపడలేదు, వాళ్లు ఏమన్నా అనుకోనీ.

కానీ తగాదా వచ్చింది. మొన్నటి కథలో ఇద్దరు కంభం చెరువులో మునిగి దాక్కుని ఉండగా కట్ట మీద డప్పు మోగింది. నీళ్లలో ఉన్నవాళ్లకు వినపడుతుందని ఒక జట్టు, పడదని ఒక జట్టు. ఇద్దరు పిల్లలు బకెట్లో తల ముంచి కూడా చూశారు, వార్డెన్ సారు కేకలేశారు. ధ్వని పాఠం తొమ్మిదో తరగతిలో ఉంది, గాలిలో కంటే నీళ్లలో ధ్వని వేగంగా పోతుంది గానీ గాలిలోంచి నీళ్లలోకి దిగేటప్పుడు చాలావరకు పైనుంచే వెనక్కి పోతుంది. అంతవరకు నేను చెప్పగలను. తమ్ముళ్లూ, సంక్రాంతి తరువాత వచ్చే ఆదివారం నేను వచ్చేసరికి రెండు జట్లూ పలకల మీద రాసి ఉంచండి. పిక్కలు నా దగ్గరే ఉన్నాయి, వెతుక్కోవద్దు.